ఫ్లెక్సీ మీద పేరు

మా తెలుగు ప్రార్థన సహవాసంలో కొందరు ఇప్పటికీ నేను ఆ ఫ్లెక్సీని చింపేశానని చెప్పుకుంటారు. నేను చింపలేదు. కుర్చీ ఎక్కి, నాలుగు మూలలా కట్టిన తాళ్ళు విప్పి, చుట్టి చంకలో పెట్టుకున్నాను. చింపాలనిపించిన మాట మాత్రం నిజం. దాని మధ్యలో ఉన్న ముసలావిడ ముఖం చూసి ఆగాను. కింద వరసగా పాస్‌పోర్టు ఫోటోల్లా అతికించిన మా సంఘ పెద్దల ముఖాలు మాత్రమే ఉండి ఉంటే ఆగేదాన్ని కాదు.

ఆ ముసలావిడ నా స్నేహితురాలి తల్లి. ఆవిణ్ణి నేను ఎప్పుడూ కలవలేదు, గొంతు మాత్రం విన్నాను. చాలాసార్లు విన్నాను, ఒక్క ముక్క అర్థం కాకుండా.

బహ్రెయిన్‌లో అవాలి దగ్గర ఒక చమురు కాంట్రాక్టు కంపెనీ క్లినిక్‌లో నేను నర్సుని. నా స్నేహితురాలు అదే కంపెనీలో సేఫ్టీ ట్రైనర్‌గా వచ్చింది. గ్యాస్ లీకైతే ఎటు పరిగెత్తాలో కొత్తగా దిగిన కార్మికులకు నేర్పడం ఆమె పని. గాలి ఎటు వీస్తోందో చూడకుండా కాళ్ళకు పని చెప్పేవాడు ముందు చస్తాడని మొదటి క్లాసులోనే చెప్పేది. యాభైకి దగ్గర పడిన మనిషి, దిట్టంగా ఉండేది, రంగు మన రంగే. గేటు దగ్గర సెక్యూరిటీ భాయ్‌లు ఆమెతో హిందీలో మాట్లాడేవారు. పాపం ఆమె నవ్వి అమెరికా పాస్‌పోర్టు చూపించేది. వాళ్ళు నమ్మేవారు కాదు.

ఆమె యోకుట్స్ అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి. కాలిఫోర్నియా నడుమ ఉన్న పెద్ద లోయ వాళ్ళది. తెల్లవాళ్ళు రాకముందు ఆ లోయలో ఒక మహా సరస్సు ఉండేదట. దాని చుట్టూ తుంగ, తుంగతో ఇళ్ళు, తుంగతో పడవలు. ఓక్ చెట్టు కాయలు ఎండబెట్టి, నూరి, చేదు పోయేదాకా నీళ్ళు పోసి పోసి కడిగి గంజి కాచుకునేవారు. ఆ సరస్సును కాలవలు తవ్వి ఎండగట్టి పత్తి వేశారు. లోయలో మరో వైపు చమురు బావులు తవ్వారు. ఆమె తండ్రి ఆ చమురు బావుల్లోనే పనిచేశాడు, ఆమె కూడా అక్కడే పని నేర్చుకుంది, ఆ పనే ఆమెను బహ్రెయిన్ దాకా తీసుకొచ్చింది. కొన్నేళ్ళ కిందట వానలు ఎక్కువై ఆ సరస్సు మళ్ళీ పొలాల మీదికి వచ్చేసింది. పేపర్లన్నీ వరద అని రాస్తే వాళ్ళమ్మ మాత్రం, ఇంటి యజమాని ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు, దానికెందుకు ఇంత గోల అన్నదట.

ఈ మాట చెప్పినప్పుడు ఇద్దరం కంపెనీ బస్సులో ఉన్నాం. డ్యూటీ అయ్యాక మనామాకు తిరిగొచ్చే దారిలో ఆమె రోజూ తల్లికి ఫోన్ చేసేది. మనకు సాయంత్రమైతే అక్కడ పొద్దున. పక్క సీట్లో కూర్చుని వినేదాన్ని. మాటల మధ్య గొంతులో చిటపటమని శబ్దాలు వచ్చేవి, పోపులో ఆవాలు పేలినట్టు. తల్లి ఆమెను తిడుతోందని మాత్రం తెలిసేది. తిట్టు ఏ భాషలోదైనా తెలిసిపోతుంది.

ఒకసారి అడిగాను, ఇంకా ఎవరితో మాట్లాడతావు మీ భాష అని. "మా యాసలో ఇలా మాట్లాడేది అమ్మ ఒక్కతే," అంది. "ఊరికో యాస మాది. ఒక్కో యాసకు పెద్దవాళ్ళు ఒకరో ఇద్దరో మిగిలారు. ఇప్పుడు తరగతులు పెడుతున్నారు, పిల్లలు పాటలు నేర్చుకుంటున్నారు, మంచిదే. కానీ అమ్మలా తిట్టడం ఎవరికీ రాదు." వాళ్ళ అమ్మమ్మను చిన్నప్పుడు సర్కారు బడిలో ఆ భాష మాట్లాడినందుకు కొట్టేవారట. ఆవిడ దెబ్బలు తిని కూడా ఇంట్లో పొయ్యి దగ్గర కూతురికి నేర్పింది. నోట్లో సబ్బు కుక్కి మరీ మాన్పించాలని చూసిన భాష అది.

ఆమెను మా సహవాసానికి తీసుకెళ్ళింది నేనే. మాది కోనసీమ. ఇక్కడ మనామాలో నయీమ్ పేటలో ఉంటాను. శుక్రవారం శుక్రవారం ఒక పాత విల్లా హాలులో మా తెలుగు కూడిక. పొద్దున మలయాళీలు, మధ్యాహ్నం మేము, సాయంత్రం ఫిలిప్పీన్స్ వాళ్ళు, హాలు ఒక్కటే. ఇళ్ళలో పనిచేసే గోదావరి ఆడవాళ్ళు, సీఫ్ మాల్స్‌లో క్లీనింగ్ పనిచేసే పిల్లలు, అందరూ వారానికి ఒక్కసారి అక్కడ తెలుగులో ఏడుస్తారు, తెలుగులో తింటారు. నా స్నేహితురాలికి మా పులుసు నచ్చింది, మా ఆడవాళ్ళు నచ్చారు. వాళ్ళకూ ఈమె నచ్చింది.

మా సంఘ పెద్దకు మాత్రం ఇంకో రకంగా నచ్చింది. ఆయన ఇక్కడ ఏదో కంపెనీలో మేనేజరు, హాలు అద్దె ఆయన పేరు మీదే ఉంది, మైకు కూడా దాదాపు అంతే. మొదటి రోజే మైకు పట్టుకుని, "మన మధ్యకు ఈ రోజు ఒక నిజమైన రెడ్ ఇండియన్ సిస్టర్‌ను ప్రభువు తీసుకొచ్చాడు," అన్నాడు. తర్వాత భోజనాల దగ్గర గుర్రాల గురించి, తల మీద ఈకల గురించి అడిగాడు. మావి పడవలండీ, గుర్రాలు కావు అని ఆమె నవ్వింది. ఆయన నిరాశ పడ్డాడు. ఎవరినైనా కొత్తగా పరిచయం చేయాలంటే ఆమెను పిలిచి పక్కన నిలబెట్టుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆమె నా చెయ్యి నొక్కి ఊరుకోమనేది.

తల్లికి జబ్బు చేసినప్పుడు ప్రార్థన చేయమని ఆమె అడిగింది. మా దగ్గర ప్రార్థన అంటే పేరు చెప్పాలి. ఎవరు, ఏ ఊరు, ఏ జబ్బు, అన్నీ చెబితేగానీ మాకు ప్రార్థన చేసినట్టుండదు. ఆమె తల్లి పేరు చెప్పింది, మా వాట్సాప్ గ్రూపులో ఫోటో కూడా పెట్టింది. మా ఆడవాళ్ళు ఆ పేరుతో మనసారా ప్రార్థించారు. అందులో నాకు ఏ ఆక్షేపణా లేదు. బతికున్న మనిషి పేరు అది.

ఆ వేసవిలో తల్లి పోయింది. ప్లాంటులో మరమ్మతుల కోసం షట్‌డౌన్ నడుస్తోంది, సేఫ్టీ వాళ్ళకు సెలవు లేదన్నారు. సెలవు దొరికేసరికి అక్కడ మట్టి చేయడం కూడా అయిపోయింది. ఆమె ఇక వెళ్ళనంది. మర్నాడు డ్యూటీకి వచ్చినప్పుడు జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది, తనే కత్తెరతో కోసుకున్నట్టు ఎగుడుదిగుడుగా. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కొత్త స్టైల్ బాగుందన్నారు. ఆమె థాంక్స్ చెప్పింది. నేను క్లినిక్‌లోకి తీసుకెళ్ళి తలుపు వేసి కూర్చోబెట్టాను.

"మా ఇంట్లో పెద్దామె పోయింది," అంది. అమ్మ అని కూడా అనలేదు.

అప్పుడు చెప్పింది వాళ్ళింటి పద్ధతి. పోయిన మనిషి పేరు పలకకూడదు. పలికితే ఆ మనిషి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తుంది, దారి మరిచిపోతుంది. ఏడాది తిరిగాక అందరూ ఒకచోట చేరి ఏడుస్తారు, పోయినావిడ వస్తువులు కొన్ని కాలుస్తారు, ముఖాలు కడుక్కుంటారు. అప్పుడు పేరు మళ్ళీ ఇంటికొస్తుంది. అప్పటిదాకా కూతురైనా సరే నోట్లోనే దాచుకోవాలి. జుట్టు కోసుకోవాలి, మాంసం ముట్టకూడదు.

"మట్టి వెయ్యలేకపోయాను," అంది. "ఈ దేశంలో నావాళ్ళు ఒక్కరూ లేరు. ఇదొక్కటైనా సరిగ్గా చెయ్యాలి నేను."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. నేను స్వయంగా మా సంఘ పెద్ద ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆదరణ కూడిక పెట్టండి, ఆమె వస్తానంది, పాటలు పాడండి, పక్కన కూర్చోండి, కానీ పేరు మాత్రం ఎత్తొద్దు అని. ఆయనకు వింతగా తోచింది.

"పేరు లేకుండా ప్రార్థన ఎలా చేస్తామమ్మా? ఎవరి గురించి అడుగుతున్నామో దేవుడికి తెలియాలి కదా?"

"దేవుడికి తెలియదంటారా?"

"అది కాదమ్మా. మర్యాదగా ఉండదు. చచ్చిపోయినావిడని అనామకురాలిలా చూసినట్టు ఉంటుంది."

"మీ అమ్మగారు మీ నాన్నగారి పేరు ఎప్పుడైనా పలికారా? మా అమ్మమ్మ అయితే రేషను షాపులో కూడా మా తాతయ్య పేరు చెప్పేది కాదు. పక్కనున్న వాళ్ళతో చెప్పించేది. మరి అది మర్యాద కాదా?"

"అది వేరే సంగతి," అన్నాడు. ఆయన అలవాటు అంతే. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కానీ చివరకు, "సరేలేమ్మా, నువ్వు ఇంతగా చెబుతున్నావు కాబట్టి," అన్నాడు. ఆ మాట నమ్మి ఇంటికొచ్చాను.

శుక్రవారం కొంచెం ముందుగా హాలుకు వెళ్ళాను. గోడ నిండా ఫ్లెక్సీ. మంచం దుప్పటి అంత ఉంది. ఆకాశం బొమ్మ, మబ్బులు, మబ్బుల్లోకి మెట్లు, ఎగురుతున్న పావురాలు. మధ్యలో గ్రూపులో పెట్టిన ఆ ఫోటో. దాని కింద ఆ పేరు, బంగారు రంగు తెలుగు అక్షరాల్లో, జానెడు ఎత్తున. మహిమలో ప్రవేశించిన ఫలానా తల్లిగారు అని. ఆ కింద సంఘ పెద్దల ఫోటోలు, అందరూ కోట్లు వేసుకుని. మా పెద్దాయనది మిగతా వాటికన్నా కాస్త పెద్దది.

మనవాళ్ళకు పుట్టినా ఫ్లెక్సీయే, చచ్చినా ఫ్లెక్సీయే. ఊళ్ళో సెంటర్లో కట్టే అలవాటును విమానమెక్కించి తెచ్చుకున్నాం. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నాకు ఆ రోజు తెలిసింది.

మావాళ్ళను హాలుకు తెచ్చే బస్సు నడిపే తమ్ముడు అక్కడే కుర్చీలు వేస్తున్నాడు. జగిత్యాల దిక్కు అతను, కూడికకు సంబంధం లేదు, బస్సు కిరాయికి వచ్చి పనిలో చెయ్యి వేస్తుంటాడు. కుర్చీ ఇటు జరపమన్నాను.

"గదేందక్క, పొద్దుగాల సారు కట్టుమంటె కట్టిన. ఇప్పుడు నువ్వు ఇప్పుతనంటున్నవ్. మల్ల నా మీదికి రావొద్దు."

"నీ మీదికి రానివ్వను. కుర్చీ కదలకుండా పట్టుకో."

"పడ్తవ్, పైలం," అని పట్టుకున్నాడు.

నేను నాలుగో ముడి విప్పుతుండగా పెద్దాయన వచ్చాడు. వెనకే ఆయన భార్య, ఇంకో నలుగురు.

"ఏంటమ్మా ఇది? ఎంత ఖర్చు, ఎంత కష్టం," అన్నాడు.

"పేరు వద్దని మీ ఇంటికొచ్చి చెప్పాను. సరే అన్నారు."

"ప్రార్థనలో అనొద్దన్నావు. ఇది బ్యానరు. అయినా తెలుగులో వేయించాం కదా, ఆ సిస్టర్‌కి చదవడం రాదు కదా, బాధేంటి?"

"మన పిల్లలకీ రాదు," అన్నాను. "మరి ఎవరి కోసం వేయించారు?"

ఆయన కూతుళ్ళిద్దరూ తెలుగు అక్షరాల దగ్గరికి పోరు. అది గొప్పగా చెప్పుకుంటాడు కూడా, మా పిల్లలకు ఇంగ్లీషు తప్ప నోరు తిరగదండీ అని. ఒక దేశంలో దెబ్బలు తిని భాష దాచుకున్నారు. మనల్ని ఎవరూ కొట్టలేదు, సబ్బు నోట్లో పెట్టలేదు. మనంతట మనమే వదిలించుకుంటున్నాం, పైగా నవ్వుతూ. ఇవన్నీ అప్పుడే అనాల్సింది. కోపంలో సగం మాటలు మింగేశాను.

అంతలో నా స్నేహితురాలు వచ్చేసింది. ఫ్లెక్సీ అప్పటికే చుట్టి నా చంకలో ఉంది. ఏమీ చూడలేదు. మా ఆడవాళ్ళు ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టుకుని చేతులు పట్టుకున్నారు. పాటలు బాగా పాడారు. సీఫ్‌లో పనిచేసే ఒక పిల్ల ఆమె కత్తిరించిన జుట్టును మెల్లగా సవరిస్తూ కూర్చుంది. అంతా సవ్యంగా జరిగిపోతుందనుకున్నాను.

ముగింపు ప్రార్థనకు పెద్దాయన మైకు అందుకున్నాడు. ఫ్లెక్సీ దించానన్న ఉక్రోషం లోపల ఉందేమో, లేక అలవాటైన నోరు ఆగలేదో, నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి వాక్యంలోనే ఆ పేరు అన్నాడు. కళ్ళు మూసుకుని, గొంతు పెంచి, మళ్ళీ అన్నాడు. వాక్యానికొకసారి అన్నాడు. అది తెలుగు ప్రార్థన, అందులో ఆమెకు అర్థమయ్యే ముక్క ఆ పేరు ఒక్కటే. ప్రతిసారీ ఆమె భుజాలు ఉలిక్కిపడటం నేను చూశాను. నాలుగైదు సార్లయ్యాక లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళు తెరవలేదు.

నేను మధ్యలో ఆపమని గట్టిగానే అన్నాను. కొందరు కళ్ళు తెరిచి నన్ను చూశారు, మళ్ళీ మూసుకున్నారు. ప్రార్థన మధ్యలో అరిచిన మనిషిని నేను, అందరి దృష్టిలో తప్పు నాదే.

ఆమె చెప్పులు విడిచే చోట మెట్ల మీద కూర్చుని ఉంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మంచివాళ్ళే మీవాళ్ళు," అంది.

ఆ మాటకు నాకు ఇంకా మండింది. మంచివాళ్ళు కావడం కాదు కావాల్సింది, చెప్పిన మాట వినడం కావాలి అన్నాను. ఆమె రోడ్డు వైపు తిరిగి వాళ్ళ భాషలో మాట్లాడింది, చాలాసేపు, మెల్లగా మొదలుపెట్టి తర్వాత గట్టిగా. ఫోన్‌లో మాట్లాడినట్టే ఉంది, అవతల నుంచి తిట్టు లేదు అంతే. గొంతులో అవే చిటపటలు. ఎవరితో అని అడగలేదు. వెనక్కి తిరిగినావిణ్ణి వెళ్ళమని చెబుతోందని నాకు తెలుసు.

లోపల ప్రార్థన అయిపోయి బిర్యానీ గిన్నెలు తెరిచారు. పెద్దాయన భార్య ఆమెకు కంచం నిండా చికెన్ బిర్యానీ పెట్టి తీసుకొచ్చింది. మాంసం వద్దని నేను చెబితే, "ముక్కలు తీసేసి పెట్టానులేమ్మా, అన్నం తినమను," అంది. నా స్నేహితురాలు కంచం అందుకుని ఒళ్ళో పెట్టుకుంది గానీ తినలేదు. ఆ వెంటే పెద్దాయన గుమ్మంలోకి వచ్చి నా చంకలోకి చూశాడు.

"దాన్ని అక్కడ పెట్టమ్మా. వెనకవైపు తెల్లగానే ఉంది, అన్నం గిన్నెల మీద కప్పడానికి పనికొస్తుంది."

అప్పుడు ఆమె అడిగింది అదేమిటని. దాచి లాభం లేదు. ముఖం, పేరు ఉన్నాయి దీని మీద అన్నాను. ఆమె విప్పి చూడలేదు. చెయ్యి చాచింది. ఇచ్చేశాను. కంచం నా చేతికిచ్చి, ఆ చుట్టను ఒళ్ళో పెట్టుకుని బస్సు బయలుదేరేదాకా అలాగే కూర్చుంది.

ఆ తర్వాత ఆమె మా కూడికకు రాలేదు. నేను వెళ్ళడం మానలేదు. నన్ను మాన్పించాలని చూశారు గానీ, ఆ ఆడవాళ్ళు నావాళ్ళు, ఆ పులుసు నాది, ఆయన కోసం నేనెందుకు వదులుకోవాలి? "నీకు కోపం ఎక్కువమ్మా, ప్రభువు దగ్గర పెట్టు," అని పెద్దాయన ఒకసారి సలహా ఇచ్చాడు. ప్రభువు దగ్గర పెట్టాను. అక్కడ కూడా చల్లారలేదు.

ఏడాది తిరిగేసరికి ఆమె సెలవు ముందే రాయించుకుని ఊరెళ్ళింది. సూట్‌కేసులో అడుగున ఆ ఫ్లెక్సీ పెట్టుకోవడం నేను చూశాను. కొన్నాళ్ళకు ఒక పొద్దున నేను డ్యూటీకి తయారవుతుంటే ఫోన్ చేసింది. పని అయిపోయింది, ముఖాలు కడుక్కున్నాం అంది. బుట్టలు, శాలువా, దుప్పటి, వాటితోపాటు ఫ్లెక్సీ కూడా కాల్చారట.

"ఎంత కంపు కొట్టిందనుకున్నావు," అంది. "నల్ల పొగ. మా పిన్నులు ముక్కులు మూసుకుని ఇదెక్కడి గుడ్డ అని తిట్టారు. ఆ మబ్బుల మెట్లన్నీ ముడుచుకుపోయాయి. మీ పెద్దాయన కోటు చివరిదాకా కాలలేదు."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం. పిన్నులు వాళ్ళ భాషలోనే తిట్టారా అని అడిగాను. ఒక పిన్నికి కాస్త వచ్చు, రెండు తిట్లు సరిగ్గానే తిట్టింది అంది. తర్వాత గొంతు మార్చి, ఇప్పుడు పేరు అనొచ్చు, అను ఒకసారి అంది. నేను నయీమ్‌లో నా వంటింట్లో నిలబడి ఆ పేరు పలికాను. ఏడాదంతా నోట్లో పెట్టుకున్న పేరు, ఎక్కడా తడబడలేదు. అవతల ఆమె ఏడ్చింది.

ఆ శుక్రవారం కూడికలో, దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి చెప్పాను. ఆమె పని పూర్తయింది, దుఃఖం దించుకుంది, ఇక ఆ తల్లి పేరు ఎవరైనా పలకొచ్చు, అభ్యంతరం లేదు అని. మా ఆడవాళ్ళు స్తోత్రం అన్నారు. పెద్దాయన సంతోషంగా మైకు అందుకున్నాడు.

"చాలా మంచిదమ్మా. ఆ తల్లి కోసం, ఆ కుటుంబం కోసం ఒక్కసారి ప్రార్థన చేద్దాం," అని నా వైపు వంగాడు. "ఇంతకీ ఆవిడ పేరేంటి?"

ఆయన తన భార్య వైపు చూశాడు, ఆమె మిగతా పెద్దల వైపు చూసింది. కోట్లలో ఫోటోలు దిగిన వాళ్ళలో ఒక్కరికీ గుర్తు లేదు. నాకు తెలుసు. ఇప్పుడు చెప్పొచ్చు కూడా. కానీ ఆ మైకులోకి ఆ పేరు అందించడానికి నా నోరు రాలేదు. ఆయన చేతిలోని మైకు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆయన ఎక్కువసేపు ఆగలేదు. కళ్ళు మూసుకుని, గొంతు పెంచి మొదలుపెట్టాడు.

"ప్రభువా, ఆ తల్లి పేరు నీకు తెలుసు."

ఏడాది కిందట ఆ ఒక్క వాక్యం అని ఉంటే సరిపోయేది.